పాతయిల్లు కొనునపుడు



గోదావరి సీమనుండి ఒక సోదరి నాకిట్లు జాబు వ్రాసినది. వారి యింటివారికి ఉద్యోగవిరమణ సమీపించుచున్నదట. పట్టణములో మూడుగదుల అపార్టుమెంటునకు చెప్పు ధరలో సగమునకే స్వగ్రామమున ఒక పాత మండువాయిల్లు వచ్చుచున్నదట. ఇల్లు విశాలమే కాని మరమ్మతులు కావలెనట. “కొనవచ్చునా? ఇందులో ఆడువారు చూడవలసినదేమైన కలదా?” యని ఆమె ప్రశ్న. ఇది పలువురకు ఉపకరించు విషయమని తలచి ఈ మాసమున నా పుటల నంతయు దీనికే వినియోగించుచున్నాను. నేను ఇంజనీరును గాను, న్యాయవాదిని గాను. కాని కొన్నియేండ్ల క్రిందట మేమును అట్టి యింటినే కొంటిమి. ఆ కొనుగోలులో నావలన ఒక తప్పు జరిగినది, ఒక మంచియు జరిగినది. రెండును దాచక చెప్పెదను.

మా యిల్లు కోనసీమలో గౌతమీతీరమునకు కొంత దూరముననున్న ఒక చిన్న పట్టణములోనిది. నడుమ మండువా, చుట్టును వసారాలు, టేకు స్తంభములు, పైన బంగాళాపెంకులు. ఇటుకగోడలకు సున్నపు గచ్చు. తొంబదియేండ్ల కట్టడమని యిరుగుపొరుగువారి మాట. మేము దానిని మొదట చూచినది వైశాఖమాసమున. వీధిలో నిప్పులు చెరుగు ఎండ. వసారాలో అడుగుపెట్టగానే ప్రాణము చల్లబడినది. మా అత్తగారు స్తంభమును చేతితో నిమిరి, “ఇలాంటి కర్ర ఇప్పుడెక్కడ దొరుకుతుందే!” అనిరి. మా యింటివారు తమ పుస్తకముల బీరువాల కొక గదిని అప్పుడే మనసులో ఏర్పఱచుకొనిరి. గోడలన్నియు క్రొత్త రంగుతో కళకళలాడుచుండెను.

వంటయింటి పడమటిగోడ మాత్రము నేలనుండి నడుమెత్తు వఱకు సిమెంటుపూతతో మిగిలిన గోడలకంటె నున్నగా నుండెను. ఆ మూల నిలిచినప్పుడు, తడియాఱని బట్టలను మూటకట్టి రెండుదినములు మఱచిపోయి విప్పినపుడు వచ్చు వాసన వంటిది నాకు తగిలినది. ఎండలు మండుచున్న దినములలో ఈ వాసన యేమి యని అనుకొంటిని. కాని అందఱును సంతోషముగా నున్నవేళ అడ్డుమాట యెందుకని మిన్నకుంటిని. చిన్ననాట మా తాతగారు నాచేత ఆదిపర్వము చదివించిరి. వారణావతమున లక్కయింట అడుగిడగానే ధర్మరాజు గోడలలోని నేతివాసనను, లక్కవాసనను పసిగట్టి భీమునకు చెప్పిన కథ నాకు కంఠగతమే. పిల్లలకెన్నిమాఱులో చెప్పియుంటిని. నా ముక్కు నాకు చెప్పిన మాటను మాత్రము నేనెవ్వరికిని చెప్పలేదు. ఇదియే నేను చేసిన తప్పు. దాని వెల యెంతయో ముందు తెలియును.

ధర కుదిరినది. ఒప్పందపత్రము వ్రాసికొని బయానా ఇచ్చితిమి. దస్తావేజులను తెప్పించి చదువుట అటుపిమ్మట జరిగినది. ఇదియు తలక్రిందుల పనియే. మొదట కాగితములు, పిదప బయానా కావలెను. నేను సాయంకాలము దీపము పెట్టి ఆ పత్రముల నన్నిటిని వరుసగా చదివితిని. ఇల్లు అమ్ముచున్నవారి తండ్రిగారు వీలునామా వ్రాయకయే గతించిరి. తల్లి అంతకు పూర్వమే పోయినది. కుమారుడొకరు, కుమార్తె యొకతె. విక్రయపత్రపు చిత్తులో కుమారుని పేరు మాత్రమే యుండెను.

“ఆడపడుచుగారి సంతకం అక్కర్లేదాండీ?” అని యడిగితిని. “పెళ్లినాడే పసుపుకుంకుమల కింద ఇవ్వవలసింది ఇచ్చేశామమ్మా. మా చెల్లెలు ఏమీ అడగదు” అని ఆయన బదులు చెప్పిరి. అందులో కపటము లేదు. ఆయన నిజముగానే అట్లు నమ్మియుండిరి. మన యిండ్లలో నూటికి తొంబదిమంది నమ్మునది ఇదియే. కావున చట్టమేమి చెప్పుచున్నదో ఇచట కొంచెము వివరించుట అవసరము.

1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా లేక గతించిన తండ్రి స్వార్జితమున కుమారునితోపాటు కుమార్తెయు సమాన వారసురాలే. పిత్రార్జితమగు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే కుమార్తెకు హక్కునిచ్చు సవరణమును ఆంధ్రప్రదేశము 1986లో చేసికొన్నది. అది 1985 సెప్టెంబరు 5 నుండి అమలని చెప్పి, అంతకుముందే పెండ్లియైనవారిని విడిచిపెట్టినది. 2005లో కేంద్రచట్టము సవరింపబడి ఆ భేదము తొలగినది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పత్రముచేతగాని, న్యాయస్థానపు తీర్పుచేతగాని జరిగిపోయిన విభాగములను మాత్రము ఆ సవరణము కదలింపదు. సవరణము వచ్చునాటికి తండ్రి జీవించియుండవలెనా యను సంశయమును 2020 ఆగస్టు 11న సుప్రీముకోర్టు తీర్చి, అట్టి నియమము లేదని చెప్పినది. మఱియొక విశేషము గలదు. కుటుంబము కాపురమున్న యింటిని పంచుమని, మగవారు తలపెట్టనిది, ఆడుబిడ్డ అడుగరాదని 1956 చట్టములో 23వ సెక్షను ఉండెడిది. 2005లో దానిని తీసివేసిరి. కావున “ఇల్లు మగపిల్లలది” యను మాటకు ఇప్పుడు చట్టములో చోటు లేదు.

పసుపుకుంకుమల క్రింద నగలిచ్చినంతమాత్రమున ఇంటిలోని భాగము పోదు. భాగమును విడుచుకొనదలచినచో ఆమెయే హక్కువిడుదల పత్రము వ్రాసి, 1908 నాటి చట్టము ప్రకారము రిజిస్టరు చేయవలెను. లేదా విక్రయపత్రములో తానును అమ్మువారిలో ఒకతెయై సంతకము చేయవలెను. ఆమె సంతకము లేక కొన్నవారు ఆమె భాగమును కొనలేదన్నమాట. రేపామె కాకపోయినను, ఆమె బిడ్డలైనను వచ్చి అడుగవచ్చును. ఇది మన మేలుకొఱకే కాదు. మనమును ఒకయింట పుట్టిన ఆడుబిడ్డలమే గదా! మన భాగమును మనలను అడుగకయే అమ్మివేసిన మనకెట్లుండునో అట్లే ఆమెకును.

మా యింటివారు నా మాటను మన్నించిరి. రాజమహేంద్రవరముననున్న ఆ చెల్లెలిగారికి కబురు వెళ్లినది. జులైమాసాంతమున, మూడుదినములు విడువక వాన కురియుచుండగా ఆమె వచ్చినది. కాగితముల మాటకు ముందు, “ఒక్కసారి ఇల్లంతా చూసుకుంటాను” అన్నది. గదిగదియు తిరుగుచు వంటయింటికి వచ్చి, ఆ పడమటిగోడవద్ద నిలిచి, “ఇక్కడ తూముండాలి కదన్నయ్యా, ఏమైంది?” అన్నది. ఆయన తడబడుచు చెప్పిన సంగతి యిది. మండువాలో పడిన వాననీరంతయు పూర్వము వంటయింటి నేలక్రిందుగా, ఆ తూముగుండ పెరటిలోని కాలువకు పోయెడిది. పెరటిలో స్నానపుగది కట్టించినపుడు దానిని మూయించిరి. అప్పటినుండి గోడ చెమ్మగిల్లుచుండగా సిమెంటు పూయించిరి. ఆమె వంగి గోడపై అరచేయి ఆన్చి నాకు చూపినది. చేయి తడిసినది. రంగుపొర క్రింద తెల్లని ఉప్పుపిండి వంటిది పొంగియుండెను. నాలుగు జానల పైన, గోడలో దిగియున్న దూలపు కొనవద్ద చెదల మట్టిదారి సన్నని తీగవలె కనబడుచుండెను. వైశాఖమున ఆ దారి లేదు, లేదా దానిని దులిపివేసి రంగు వేసిరి.

పుట్టినయింటి నీరు ఏదారిని పోవునో ఆ యింటి ఆడుబిడ్డకు తెలిసినంతగా దస్తావేజులకు తెలియదు. నేను చట్టముకొఱకు ఆమెను పిలిపించితిని. ఆమె వచ్చి ఇంటి రోగమును చెప్పినది.

ఆ రాత్రి నేను వాసనసంగతి మా యింటివారికి చెప్పితిని. ఆయన కోపపడలేదు. “ధర మాట్లాడే ముందే చెప్పి ఉంటే బాగుండేది” అని మాత్రమనిరి. ఆ మాట నాకు కోపముకంటె బరువైనది. ఒప్పందములో ధర వ్రాయబడియుండుటచే అమ్మువారు తగ్గింపనొల్లలేదు. విడిచినచో బయానా పోవును. తర్కించి, తుదకు కొంటిమి. మరమ్మతునకు రెండులక్షలనుకొన్నది ఐదులక్షలు దాటినది. మా అమ్మాయి కళాశాల చదువునకని దాచిన నా గొలుసు ఆ గోడలోనికే పోయినది. ఒకదినమున నోరు విప్పనందుకు నేను చెల్లించిన వెల యిది.

ఇక జాబువ్రాసిన సోదరికిని, ఇతరులకును నేను చెప్పదగినది వరుసగా చెప్పెదను.

పాతయింటిని ఎండలలో చూచి మురియరాదు. వానలో ఒకమాఱు, వాన వెలిసిన మఱునాడొకమాఱు చూడవలెను. చూరునుండి జాఱిన నీరు గోడమొదట నిలుచుచున్నదా, దూరముగా పోవుచున్నదా? వీధిమట్టము ఏటేట ఎత్తుపెరిగి యింటి నేల పల్లమైనదా? మండువానీటికి తూము తెఱచియున్నదా? ఇవి మొదటి ప్రశ్నలు. అడుగు మూడడుగుల గోడను చేతితో తాకుడు. మూసియున్న గదిని తెఱచి, మొదటి క్షణమున ముక్కు చెప్పుమాట వినుడు. క్రింది భాగమునకు మాత్రమే క్రొత్తపూతయున్నచో, ఎందుకని అడుగుడు. నదీతీరపు ఊళ్లలో పొరుగింటి వృద్ధురాలివద్ద కొంతసేపు కూర్చుండుడు. 1986 ఆగస్టు వఱదలో నీరెంతవఱకు వచ్చినదో, 1996 నవంబరు తుపానులో కప్పు నిలిచినదో ఎగిరినదో, 2022 జులైలో ఇంటివారు ఎక్కడ తలదాచుకొనిరో ఆమె చెప్పగలదు. ఏ పత్రములోను ఆ సంగతి యుండదు.

రెండవది కఱ్ఱ. స్తంభపు నడుము చూచి సంతోషింపక, దూలము గోడలో దిగుచోటను, ద్వారబంధము నేలను తాకుచోటను, చూరువైపు వాసముల కొనలను చూడవలెను. కఱ్ఱ పాడగుట అచటనే మొదలగును. వ్రేలితో తట్టిన గట్టికఱ్ఱ ఖంగుమనును, తొలిచిన కఱ్ఱ బోలుగా మ్రోగును. సన్నని మేకును గ్రుచ్చిన సులభముగా దిగినచో లోపల గుల్ల యని యెఱుగుడు. చెదలు మట్టిలోనుండి తడిదారిని వచ్చును. తడిని ఆపక మందుమాత్రము చల్లించినచో మఱల వచ్చును.

మూడవది బీటలు. పాతగోడలో సన్నని బీటలు సహజమే. అది నిలిచిపోయిన బీటయా, పెరుగుచున్నదా యని తెలియవలెనన్న, దానికి అడ్డముగా పలుచని కాగితపుముక్కను బంకతో అతికించి తేదీ వ్రాయుడు. కొన్ని నెలలలో కాగితము చిరిగినచో గోడ కదలుచున్నదన్నమాట. నల్లరేగడి నేలలు తడికి ఉబ్బి ఎండకు కుంగును గనుక అట్టిచోట ఇది మఱింత ముఖ్యము. గోడ బయటికి ఒరిగినను, దూలము నడుమ క్రుంగినను, ఇంజనీరును పిలువక బయానా ఈయరాదు. ఇంజనీరునకిచ్చు రుసుము ఆ తరువాత పోవు సొమ్ముముందు స్వల్పము.

నాల్గవది కరెంటు. పాతతీగలకు తొడుగు ఎండి పెళుసుబారియుండును. ఎర్తుతీగ లేని యిండ్లెన్నియో కలవు. చెమ్మగోడలో అట్టితీగలు ప్రాణాంతకములు. తీగలను పూర్తిగా మార్పించి, ఎర్తు వేయించి, తీగనుండి కరెంటు కాఱిన తక్షణము ఆపివేయు బ్రేకరును పెట్టించుడు. దీనిని వాయిదా వేయరాదు.

ఇప్పుడు సున్నముమాట. మన తాపీమేస్త్రీలలో పెక్కుమంది పాతగోడను చూడగానే సిమెంటు పూయుదుమందురు. పూర్వపు సున్నపు గచ్చులో సూక్ష్మరంధ్రము లెక్కువ. గోడ పీల్చిన తడి వానిగుండ ఆవిరియై బయటికి పోవును. సిమెంటుపూత ఆ ఆవిరిని అంతగా పోనీయదు. తడి లోపలనే చిక్కుకొని పైపైకి ప్రాకి దూలమును చేరును. మా వంటయింట జరిగినది ఇదియే. కావున మేము మొదట తూమును తెఱపించి, నీటికి పాతదారిని ఇచ్చితిమి. సిమెంటుపూతను గొట్టించి, గోడను సంక్రాంతివఱకు ఆఱనిచ్చితిమి. ఇటుకలు ఆఱకముందే పూయింపుమని అందఱును తొందరపెట్టిరి, నేను వినలేదు. పిదప పాతపనినెఱిగిన యొక వృద్ధ మేస్త్రిని వెదకి, నానబెట్టిన సున్నముతో గచ్చు చేయించితిమి. చెడిన దూలమును తీసి వేఱు టేకుదూలము వేయించితిమి. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మెల్లగా గట్టిపడును గనుక ఓపిక కావలెను. రెండు వానకాలములు గడచినవి. ఆ గోడ యిప్పుడు పొడిగానున్నది.

ఖర్చుపెట్టు వరుసయు ఇట్లే యుండవలెను: మొదట నీరు, పిదప కఱ్ఱ, పిదప కరెంటు, తుదకు గచ్చు, రంగు, సింగారము. బంధువులు గృహప్రవేశమునాడు చూచునది చివరిదానినే. అందుచేత మనసు దానిమీదికే పోవును. మనసును అణచుకొనవలెను. వాస్తుపేరిట గోడలు మార్చువారును కలరు. వారి నమ్మకమును నేను కాదనను. కాని కప్పుబరువును మోయుగోడ యేదో తెలిసికొనక గునపము వేయరాదు. ఇంటిధరకును, స్టాంపులకును ఉన్నసొమ్మంతయు పోసి, మరమ్మతునకు అప్పు తెత్తుమనుట మంచిది కాదు. మేస్త్రి చెప్పిన లెక్కకు సగము చేర్చి, అంతసొమ్ము ప్రక్కనుంచుకొని పిదప ధర మాటాడవలెను.

కాగితములలో, ఈసీ యని మనము పిలుచు పత్రము తీసికొనుడు. కాని అందులో రిజిస్టరైన వ్యవహారములు మాత్రమే కనబడునని మఱవకుడు. చెల్లెలి హక్కు అందులో కనబడదు. కావున వారసులెవరెవరో, కుమార్తె లెందఱో నోటితో అడిగి, పత్రముతో నిజపఱచుకొని, న్యాయవాదికి చూపుడు. మీ స్త్రీధనము ఆ యింట పడుచున్నచో విక్రయపత్రములో మీ పేరును చేర్పించుకొనుడు. ఇది భర్తపై అనుమానము గాదు. నా గొలుసు పోయినదని చెప్పితిని గదా. మా దస్తావేజులో ఇరువురి పేర్లును ఉన్నవి. మా యింటివారే ముందుగా ఆ మాట అనిరి.

సంతకములనాడు ఆ చెల్లెలిగారికి ఆమెభాగపు సొమ్ము ఆమె పేరనే బ్యాంకుద్వారా చెల్లించితిమి. అన్నగారు మొదట చిన్నబుచ్చుకొనిరి గాని, ఆమె సొమ్ము పుచ్చుకొని లేచి ఆయన పాదములకు నమస్కరింపగా కంట నీరు పెట్టుకొనిరి. నేనామెకు చీరపెట్టి బొట్టుపెట్టితిని. గడప దాటునపుడామె, “తూము మళ్లీ మూయించకమ్మా” అన్నది.

కావున, జాబు వ్రాసిన సోదరీ! పాతయిల్లు కొనదగనిదని నేననను. మంచికఱ్ఱయు, వెలుతురును, వేసవిలో చల్లదనమును, పిల్లలకు ఆడుకొన చోటును అంతసొమ్ములో ఇపుడు క్రొత్తగా కట్టుట కష్టము. కాని బయానాకు ముందు, మంచి వాన కురిసిన మఱునాడు మీరే స్వయముగా వెళ్లి, వంటయింటి గోడపై చేయి యాన్చి చూడుడు. ఆ యింటి ఆడుబిడ్డ యెక్కడనున్నదో అడుగుడు. మీకు తోచినమాటను, అది శంకయే యైనను, ఆ దినముననే మీ వారితో చెప్పుడు.